ముప్పై దాటిన సెంటర్‌కి ఎంత ఇవ్వవచ్చు?

2023 ఫిబ్రవరి 17, శుక్రవారం. రాత్రి బాగా పొద్దుపోయాక మా మనవడు ఫోన్ చేశాడు. అప్పుడు వాడు వాటర్లూలో ఇంజనీరింగ్ మొదటి ఏడు చదువుతున్నాడు. "తాతయ్యా, పడుకున్నావా? ర్యాన్ ఓరైలీని మన టొరంటో హాకీ జట్టుకు తెచ్చేశారు!" అన్నాడు ఊపిరి తీసుకోకుండా. "ఏమిచ్చార్రా?" అని అడిగాను. ఆ ఏటి మొదటి రౌండ్ పిక్, ఒక మూడో రౌండ్ పిక్, మరుసటి ఏటి రెండో రౌండ్ పిక్, ఇద్దరు చిన్న ఆటగాళ్ళు. ఓరైలీతో పాటు నోయెల్ అచ్చారి కూడా వస్తున్నాడు. ఓరైలీకి పది రోజుల కిందటే ముప్పైరెండు నిండాయి. ఎండాకాలం వస్తే కాంట్రాక్టు అయిపోతుంది. "మంచి బేరమేనా తాతయ్యా? నా పట్టికలో రాసుకోవాలి" అన్నాడు. వాడి కంప్యూటర్లో ఒక పట్టిక ఉంది, జరిగిన ప్రతి ట్రేడ్‌కీ రెండు గడులు: ఇచ్చింది, వచ్చింది. "తెల్లారాక చెప్తాలే, పడుకో" అన్నాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

నేను గుంటూరు నుంచి టొరంటో వచ్చింది 1973లో. టూల్ అండ్ డై పనిలో ముప్పైఎనిమిదేళ్ళు గడిపాను. ఐస్ హాకీ నాకు నేర్పింది పక్క మిషన్ల మీద పనిచేసినవాళ్ళు, శనివారం రాత్రుళ్ళు సీబీసీలో వచ్చే 'హాకీ నైట్ ఇన్ కెనడా'. మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదిది. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు గచ్చు మీద గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు ఆడతారు. ఒక్కొక్కరు ముక్కాలు నిమిషం ప్రాణం పెట్టి పరుగెత్తి బెంచీ మీదికి వచ్చేస్తే, వాళ్ళ చోట ఇంకొకరు దూకుతారు. ఇక్కడి పెద్ద లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఆటగాణ్ణి ఒక ఊరి జట్టు ఇంకో ఊరి జట్టుకు ఇచ్చి, బదులుగా వేరే ఆటగాళ్ళనో, డ్రాఫ్ట్‌లో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను ఎంచుకునే హక్కునో తెచ్చుకుంటుంది. ఆ హక్కే పిక్. స్టాన్లీ కప్పు మీద ఆశ ఉన్న జట్లు ఫిబ్రవరి, మార్చిలో పాత సెంటర్ల కోసం పోటీపడతాయి. యాభై ఏళ్ళుగా అది చూస్తున్నాను. ఎన్నోసార్లు పొరబడ్డాను కూడా. ఆ రాత్రి మనసులో తిరిగినవే ఇవి.

1. ముందు ఖాళీని చూడాలి, తర్వాతే మనిషిని

సెంటర్ అంటే పేరుకు ముందువరస ఆటగాడే. పని మాత్రం మంచు నిండా ఉంటుంది. ఆట ఆగిన ప్రతిసారీ పక్ అనే రబ్బరు బిళ్ళను ఇద్దరు సెంటర్ల మధ్య వేస్తారు. ఆ ఫేసాఫ్‌లు ఒక ఆటలో యాభై అరవై జరుగుతాయి. తన గోల్ ముందు డిఫెన్స్‌మన్‌కు తోడు నిలవాలి, మరుక్షణం అవతలి గోల్ ముందుండాలి. గుంటూరు కాలేజీలో నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. అక్కడా ఐదుగురిలో నడిమివాణ్ణి సెంటర్ అనే అంటాం. ముందువాళ్ళు వదిలిందీ వెనకవాళ్ళకు అందనిదీ వాడికే వస్తుంది. సెంటర్ బలహీనమైతే మిగిలిన నలుగురూ ఎంత మొనగాళ్ళయినా జట్టు మధ్యలోంచి చీలిపోతుంది. ఐస్ హాకీలో సెంటర్‌ని చూడగానే నాకు ఆ ఉన్ని బంతి ఆటే గుర్తొచ్చింది.

ఈ లెక్కలో అందరూ చెప్పుకొనే పాఠం 1980 మార్చి నాటిది. న్యూయార్క్ ఐలండర్స్‌కు బ్రయాన్ ట్రాటియే లాంటి గొప్ప సెంటర్ ఉన్నాడు. ప్రత్యర్థులు తమ బలమంతా అతని మీదే పెట్టేవారు. అతని తర్వాత దిగే రెండో లైన్‌కి (కలిసి ఆడే ముందువరస ముగ్గురికి) సరైన సెంటర్ లేక ఆ జట్టు ఏటా సీజన్ చివరి పోటీలైన ప్లేఆఫ్స్‌లో ఆగిపోయేది. లాస్ ఏంజెలెస్ నుంచి బుచ్ గోరింగ్‌ను తెచ్చుకున్నారు. వయసు ముప్పై, మనిషి పొట్టి. ఇచ్చింది తక్కువేం కాదు. తమ క్లబ్ చరిత్రలో మొట్టమొదట డ్రాఫ్ట్ చేసిన బిల్లీ హారిస్‌నీ, డిఫెన్స్‌మన్ డేవ్ లూయిస్‌నీ ఇచ్చేశారు. ఆ వసంతంలోనే కప్పు గెలిచారు. ఆ ఏటితో మొదలై వరుసగా నాలుగు కప్పులు. గోరింగ్ ట్రాటియేకన్నా గొప్పవాడని ఎవరూ అనలేదు. ఖాళీ ఎక్కడుందో అక్కడ సరిపోయాడు, అంతే.

టొరంటోకు 2023లో ఆస్టన్ మాథ్యూస్, జాన్ తవారెస్ ఉన్నారు. వాళ్ళ వెనక మూడో సెంటర్ చోటు పలచగా ఉండేది. ఓరైలీ వస్తే తవారెస్‌ను అవసరాన్నిబట్టి వింగ్‌కు, అంటే పక్క స్థానానికి, జరపవచ్చు. ఈ మొదటి ప్రశ్న దగ్గర నాకు అనుమానం లేదు.

2. పాయింట్ల పట్టిక సగమే చెబుతుంది

మనవడి బెంగంతా ఒక్క అంకె మీదే. ఆ ఏడు ఓరైలీ సెయింట్ లూయిస్‌కు 40 ఆటలాడి 19 పాయింట్లే చేశాడు. ముందెప్పుడో 77 చేసినవాడు. పైగా పాదం విరిగి కొన్ని వారాలు కూర్చున్నాడు.

నేను వాడికి 1991 మార్చి 4 కథ చెప్పాను. హార్ట్‌ఫర్డ్ జట్టు తన సెంటర్ రాన్ ఫ్రాన్సిస్‌ను పిట్స్‌బర్గ్‌కు ఇచ్చింది. బదులుగా వచ్చినవాళ్ళలో ముఖ్యుడు జాన్ కలెన్, అతనూ సెంటరే. ఆ రోజుకు ఫ్రాన్సిస్ పాయింట్లు 76, కలెన్ పాయింట్లు 94. పట్టిక చూసినవాడు హార్ట్‌ఫర్డే గెలిచిందంటాడు. కానీ పిట్స్‌బర్గ్‌లో పాయింట్లు చేయడానికి మారియో లెమ్యూ ఉన్నాడు. వాళ్ళకు కావలసింది లెమ్యూ బెంచీ మీద ఊపిరి తీసుకుంటున్నప్పుడు రెండు వైపులా ఆటను కాచే మనిషి. ఆ ఏడూ మరుసటి ఏడూ పిట్స్‌బర్గ్ కప్పు గెలిచింది. కలెన్ మళ్ళీ ఆ స్థాయి అందుకోలేదు. హార్ట్‌ఫర్డ్ జట్టు 1997లో ఊరే వదిలి కరోలినాకు వెళ్ళిపోయింది. ఆ పతనాన్ని ఈ ట్రేడ్ రోజు నుంచే లెక్కపెట్టే అభిమానులున్నారు.

ఇంకోటి, 2015. చికాగో ఒక మొదటి రౌండ్ పిక్, ఒక కుర్ర డిఫెన్స్‌మన్‌ను ఇచ్చి ఆరిజోనా నుంచి ఆంట్వాన్ వెర్మెట్‌ను తెచ్చింది. మామూలు సీజన్‌లో మిగిలిన 19 ఆటల్లో అతను ఒక్క గోల్ కూడా చేయలేదు. ప్లేఆఫ్స్‌లో కొన్ని ఆటలకు కోచ్ అతన్ని పక్కన కూర్చోబెట్టాడు. అప్పటికి ఆ ట్రేడ్ దండగమారి బేరమని అందరం అనుకున్నాం. అక్కణ్ణుంచి అనహైమ్ మీద రెండో అదనపు పీరియడ్‌లో గెలుపు గోల్, టాంపా మీద ఫైనల్లో మొదటి ఆటలోనూ ఐదో ఆటలోనూ గెలుపు గోల్స్. కప్పు చికాగోది. జూలైలో వెర్మెట్ మళ్ళీ ఆరిజోనాకే వెళ్ళిపోయాడు.

కాబట్టి పాయింట్లు చూడు, కానీ ఆ పాయింట్లు చేసేటప్పుడు అతనికి ఎదురుగా ఎవరున్నారో కూడా చూడు. ఒక గోల్ ఆధిక్యంలో చివరి నిమిషంలో కోచ్ ఎవర్ని మంచు మీదికి పంపుతున్నాడో చూడు. ఓరైలీని అలాంటి నిమిషాల్లోనే పంపేవారు. 2019లో సెయింట్ లూయిస్ మొట్టమొదటి కప్పు గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు అతనే.

3. కాళ్ళ మాట

ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బలు రెండున్నాయి.

2003 మార్చిలో టొరంటో తన పాత దేవుడు డగ్ గిల్మర్‌ను మాంట్రియల్ నుంచి వెనక్కి తెచ్చుకుంది. వయసు ముప్పైతొమ్మిది. ఇచ్చింది ఆరో రౌండ్ పిక్. నేను ఆ రోజు షాపులో అందరికీ టీలు ఇప్పించాను. పోయేదేముంది, ఆరో రౌండే కదా అని నా వాదన. కాల్గరీలో మొదటి ఆట. ప్రత్యర్థి ఒకడితో ఢీకొని గిల్మర్ మోకాలి లిగమెంట్ తెగింది. ఐదు నిమిషాలు కూడా ఆడలేదు. ఆ తర్వాత మరెప్పుడూ ఆడలేదు.

మరుసటి ఏడు, 2004 మార్చి. అదే రాన్ ఫ్రాన్సిస్, అప్పటికి నలభైఒక్కటి. కరోలినాకు నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చారు. నేను మళ్ళీ సంతోషించాను. ఆ బుర్ర చెక్కుచెదరలేదు. పక్ ఎక్కడికి వస్తుందో అందరికన్నా ముందు తెలిసేది. కానీ తెలిసిన చోటికి చేరడానికి కాళ్ళు ఒక అడుగు ఆలస్యమయ్యేవి. ఒటావా మీద మొదటి రౌండ్ గెలిచాం. రెండో రౌండ్‌లో ఫిలడెల్ఫియా ఇంటికి పంపింది. ప్లేఆఫ్స్‌లో పన్నెండు ఆటలాడి ఫ్రాన్సిస్ ఒక్క గోల్ కూడా చేయలేకపోయాడు. అంతటి మనిషిని అలా చూడడం నాకు కష్టమైంది.

తక్కువ ధరకు వచ్చాడంటే చవకగా వచ్చాడని కాదు. ఆ చోటులో ఇంకొకణ్ణి వెతకడం మానేశాం కదా, ఆ ఖర్చు ఎవరూ రాయరు.

వయసు ఒక్కటే చూసినా తప్పే. మా షాపులో ముసలి మెషినిస్టు ఒకాయన రెడ్ కెల్లీ పేరు చెప్పినప్పుడల్లా టోపీ తీసేవాడు. 1960 ఫిబ్రవరిలో డెట్రాయిట్ అతని పని అయిపోయిందనుకుని న్యూయార్క్‌కు ఇవ్వబోయింది. ఆట మానేస్తాగానీ వెళ్ళనన్నాడు కెల్లీ. చివరికి టొరంటో అతన్ని మార్క్ రియోమ్‌కు బదులుగా తీసుకుంది. అప్పుడు కెల్లీకి ముప్పైరెండు, ఓరైలీ వయసే. జీవితమంతా డిఫెన్స్ ఆడినవాణ్ణి కోచ్ పంచ్ ఇమ్లాక్ సెంటర్ చేశాడు. 1962, 63, 64, 67లో టొరంటో గెలిచిన నాలుగు కప్పుల్లోనూ కెల్లీ ఉన్నాడు. మధ్యలో పార్లమెంటు సభ్యుడిగా కూడా పనిచేశాడు. 1967 తర్వాత ఈ ఊరు కప్పు మొహం చూడలేదు.

ఫ్రాన్సిస్‌కూ కెల్లీకీ తేడా ఎక్కడ? నేను గమనించింది ఒకటే: ఆగి, తిరిగి, మళ్ళీ వేగం అందుకోవడం. నేరుగా పరుగెత్తడంలో వయసు అంతగా బయటపడదు. మలుపులో బయటపడుతుంది. ఆటగాణ్ణి తూచేటప్పుడు అతను గోల్ చేసిన వీడియోలు కాదు, పక్ పోగొట్టుకున్న తర్వాతి మూడు సెకన్లు చూడాలి.

4. జీతం లెక్క

దీన్ని క్లుప్తంగా చెప్తాను. ప్రతి జట్టుకూ జీతాల మీద పరిమితి ఉంది. ఆ ఏడు 8.25 కోట్ల డాలర్లు. ఓరైలీ లెక్క 75 లక్షలు. సెయింట్ లూయిస్ అందులో సగం తనే భరించింది. మిగిలిన దాంట్లో సగాన్ని మధ్యలో దూరిన మినెసోటా ఒక నాలుగో రౌండ్ పిక్ తీసుకుని భరించింది. టొరంటో ఖాతాలో పడింది 18.75 లక్షలే. మనవడు దీన్ని మోసం అన్నాడు. కాదు నాన్నా, అప్పటి రూల్స్‌లో ఉన్నదే. ఇచ్చిన పిక్స్‌లో కొంత భాగం ఆటగాడికి కాదు, ఈ జీతం మోసినందుకు. అది విడదీసి చూడకపోతే ధర ఎక్కువైందనిపిస్తుంది.

5. పిక్ ఎప్పటిది?

1989 అక్టోబరులో టొరంటో ఒక డిఫెన్స్‌మన్ కోసం తన మొదటి రౌండ్ పిక్‌ను న్యూజెర్సీకి ఇచ్చింది. ఆ ఏటిది కాదు, మరుసటి ఏటిది కూడా కాదు, 1991ది. వచ్చినతను టామ్ కర్వర్స్, బాగానే ఆడాడు, అతని తప్పేం లేదు. కానీ మధ్యలో జట్టు కుప్పకూలింది. ఆ పిక్ మొత్తం డ్రాఫ్ట్‌లో మూడోది అయింది. న్యూజెర్సీ దాంతో తీసుకున్నది స్కాట్ నీడర్‌మేయర్‌ను. అతను కెరీర్‌లో నాలుగు కప్పులు ఎత్తాడు. ఈ ఊళ్ళో నా వయసువాళ్ళకు ఆ పేరు వింటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఈ ఏటి పిక్ ఇస్తే నీ జట్టు ఎక్కడుందో నీకు తెలుసు. బాగా ఆడుతున్న జట్టు పిక్ ఇరవై దాటాకే వస్తుంది. రెండేళ్ళ తర్వాతి పిక్ ఇవ్వడమంటే ఇంకా విత్తని పొలం మీద పంట అమ్మడమే. ఓరైలీ కోసం ఇచ్చిన మొదటి రౌండ్ పిక్ ఆ ఏటిదే, చివరికి ఇరవైఐదోది అయింది. అందుకే దానికి నేను బెంగపడలేదు. మరుసటి ఏటి రెండో రౌండ్ పిక్ విషయంలో మాత్రం చెయ్యి కాస్త వెనక్కి లాగేవాణ్ణి.

6. ఎవరి చోటు పోతోంది?

మా ఊళ్ళో సంక్రాంతికి బాల్ బ్యాడ్మింటన్ టోర్నమెంటు పెట్టేవాళ్ళు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చేవి. బయటి ఆటగాణ్ణి ఒకణ్ణి తెచ్చుకోవచ్చని ఒప్పుకున్న ఏడు, మేం బాపట్ల వైపు నుంచి ఒక పెద్దాయన్ని తెచ్చుకున్నాం. నలభైకి దగ్గర. రానూపోనూ ఖర్చులు, ఒక జత పంచెలు ఇచ్చాం. గొప్ప సెంటర్. ఆయన కోసం మా సెంటర్ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టాం. వాడికి పందొమ్మిదేళ్ళు. ఏడాది పొడుగునా పొద్దున్నే వచ్చి కోర్టుకు నీళ్ళు చల్లి, గీతలు గీసి, వల కట్టింది వాడే. మేం సెమీఫైనల్లో ఓడిపోయాం. పెద్దాయన మర్యాదగా సెలవు తీసుకుని బస్సెక్కాడు. ఆ కుర్రాడు మాత్రం మళ్ళీ కోర్టుకు రాలేదు. నేను వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళాను. పనుందని చెప్పించాడు.

ఆ జట్టుకు కెప్టెన్‌ని నేనే. పెద్దాయన్ని తెద్దామన్న మాట నాదే. తెచ్చినందుకు కాదు నా బాధ. తెచ్చేముందు ఆ కుర్రాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదే అని.

ఎన్‌హెచ్ఎల్ జీతాలిచ్చే వ్యవస్థ, అక్కడ ఎవరూ అలిగి ఇంట్లో కూర్చోరు. అయినా పాత సెంటర్ వచ్చిన ప్రతిసారీ నాలుగో లైన్‌లో ఉన్న ఇరవైరెండేళ్ళవాడి నిమిషాలు తగ్గుతాయి. వాడు నేర్చుకోవలసిన రెండు నెలలు బెంచీ మీద గడిచిపోతాయి. కొందరికి పెద్దవాడి పక్కన కూర్చోవడమే చదువు అవుతుంది. కొందరికి కాదు. నీ కుర్రాడు ఏ రకమో తెలియకుండా ట్రేడ్ చేయకూడదు.

7. అమ్మడం చేతనైతే చాలదు, ఆగడం చేతకావాలి

1992 జనవరి 2న పదిమంది ఆటగాళ్ళు చేతులు మారిన ట్రేడ్‌లో గిల్మర్ కాల్గరీ నుంచి టొరంటో వచ్చాడు. ఎన్‌హెచ్ఎల్‌లో అంతమంది మారిన ట్రేడ్ లేదు. చేసింది క్లిఫ్ ఫ్లెచర్, కొన్ని నెలల ముందుదాకా కాల్గరీకే జనరల్ మేనేజర్. ఆ మనిషి విలువ ఆయనకు తెలుసు. కాల్గరీకి వెళ్ళినవాళ్ళలో పెద్ద పేరు గ్యారీ లీమన్, ఒకప్పుడు ఏడాదికి 51 గోల్స్ చేసినవాడు. కాల్గరీలో మొత్తం చేసింది పదకొండు. గిల్మర్ మరుసటి సీజన్‌లోనే 127 పాయింట్లు చేశాడు. 1993 మేలో జట్టును స్టాన్లీ కప్ ఫైనల్‌కు ఒక్క ఆట దూరం దాకా లాక్కెళ్ళాడు. ఆ ఏడో ఆటలో గ్రెట్జ్‌కీ మూడు గోల్స్ చేసి మమ్మల్ని ఓడించిన రాత్రి మా షాపులో రాత్రి షిఫ్టు వాళ్ళెవరూ అన్నం ముట్టలేదు.

1997 ఫిబ్రవరి 25న అదే ఫ్లెచర్ అదే గిల్మర్‌ను న్యూజెర్సీకి ఇచ్చేశాడు. కెప్టెన్, ముప్పైమూడేళ్ళు. జట్టు అట్టడుగున ఉంది. నాకు ఎంత కోపమొచ్చిందంటే వారం రోజులు స్పోర్ట్స్ పేజీ తెరవలేదు. ఇప్పుడు తూచి చూస్తే అమ్మడం తప్పు కాదు. న్యూజెర్సీ ఆ వసంతంలో రెండో రౌండ్‌లోనే ఓడింది, ఏడాది తర్వాత గిల్మర్ చికాగోకు వెళ్ళిపోయాడు. టొరంటోకు వచ్చినవాళ్ళు ముగ్గురు కుర్రాళ్ళు: స్టీవ్ సలివన్, జేసన్ స్మిత్, ఆలిన్ మెకాలీ. ముగ్గురూ నిఖార్సయిన ఆటగాళ్ళే.

తప్పు ఆ తర్వాత జరిగింది. స్మిత్‌ను రెండేళ్ళకే పిక్స్ కోసం ఎడ్మంటన్‌కు ఇచ్చేశారు. అతను అక్కడ కెప్టెన్ అయి 2006లో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్ళాడు. సలివన్‌ను 1999లో ఉత్తపుణ్యానికి వదిలేస్తే చికాగో ఎత్తుకుపోయింది. అక్కడ ఒక సీజన్‌లో 34 గోల్స్ చేశాడు. మెకాలీ ఒక్కడే మిగిలాడు. 2002లో కెప్టెన్ మాట్స్ సుందిన్ మణికట్టు విరిగి కూర్చున్నప్పుడు ప్లేఆఫ్స్‌లో జట్టును మోసినవాళ్ళలో అతనొకడు. మరుసటి ఏడు అతన్నీ ఓవెన్ నోలన్ కోసం ఇచ్చేశారు. నోలన్ ముప్పైఒకటి దాటిన వింగర్.

అంటే గిల్మర్‌కు బదులుగా వచ్చిన విలువంతా ఆరేళ్ళలో చేతివేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ట్రేడ్ జరిగిన రోజున చేసిన బేరం మంచిదే. దాన్ని నిలబెట్టుకునే ఓపిక ఊరికీ లేదు, ఆఫీసుకీ లేదు. పాత సెంటర్‌ను అమ్మే జట్టును చూసినప్పుడల్లా నేను వచ్చిన పేర్ల కన్నా ముందు ఒకటి అడుగుతాను: వీళ్ళు ఈ కుర్రాళ్ళ కోసం నాలుగేళ్ళు ఓడిపోవడానికి సిద్ధంగా ఉన్నారా?

8. ఆటగాడు వద్దంటే

2008 ఫిబ్రవరిలో టొరంటో మళ్ళీ అట్టడుగున ఉంది. తాత్కాలిక మేనేజర్‌గా మళ్ళీ ఫ్లెచరే వచ్చాడు. సుందిన్‌కు ముప్పైఏడు, ఏడాది చివర కాంట్రాక్టు అయిపోతుంది. అతని అనుమతి లేకుండా పంపకూడదని కాంట్రాక్టులో షరతు ఉంది. అడిగారు. వెళ్ళనన్నాడు. ఏడాది మధ్యలో ఇంకో జట్టులో చేరి కప్పు కోసం ఆడడం తన మనసుకు పట్టదని చెప్పాడు. ఊళ్ళో సగంమంది తిట్టారు. జట్టు మీద ప్రేముంటే వెళ్ళి మనకు పిక్స్ తెచ్చిపెట్టాలి గదా అని. చివరికి టొరంటోకు ఏమీ రాలేదు. అతను డిసెంబరులో వాంకూవర్‌లో చేరి, ఆ సీజన్ ఆడి ఆట మానేశాడు. స్టాన్లీ కప్పు అతనికి దక్కలేదు.

నేను సుందిన్ వైపే నిలబడ్డాను, ఇప్పటికీ నిలబడతాను. 1994లో మేం పనిచేసే సంస్థ మా విభాగం మూసేసి నన్ను విండ్సర్ వెళ్ళమంది. పిల్లది పన్నెండో క్లాసులో ఉంది. మా ఆవిడ ఇక్కడే ఆసుపత్రి లాబ్‌లో పనిచేసేది. ఇరవైఏళ్ళ సీనియారిటీ వదులుకుని, తక్కువ జీతానికి ఇంకో షాపులో చేరాను. సంస్థ లెక్క సంస్థది. నా లెక్కలో మా పిల్ల పరీక్షలున్నాయి. ఆటగాడి ఇంట్లోనూ బడికి వెళ్ళే పిల్లలుంటారు. ఫిబ్రవరిలో సూట్‌కేసు పట్టుకుని వెళ్ళినవాడు జూన్ దాకా హోటల్లో ఉంటాడు. అది మనిషి ఆటలో కనిపిస్తుంది. ఓరైలీ పుట్టిపెరిగింది అంటారియోలోనే, ఇక్కడికి కొన్ని గంటల కారు దూరంలో. ఆ సంగతి ఏ పట్టికలోనూ లేదు, నేను మాత్రం లెక్కలో వేసుకున్నాను.

9. శనివారం పొద్దున

పొద్దున్నే మనవడికి ఫోన్ చేసి చెప్పాను: "నేనయినా ఇచ్చేవాణ్ణే." వాడు వెంటనే వచ్చింది అనే గడిలో ఒక టిక్కు పెట్టుకున్నాడు. "అప్పుడే పెట్టకు" అన్నాను. ఇదే ఓరైలీని 2018లో బఫెలో సెయింట్ లూయిస్‌కు ఇచ్చింది. ఏడాదిలో సెయింట్ లూయిస్ కప్పు గెలిస్తే బఫెలో నిండా మునిగిందని అందరూ తీర్పు చెప్పారు. ఆ ట్రేడ్‌లో బఫెలోకు వచ్చిన ఇరవైఏళ్ళ టేజ్ థాంప్సన్ ఆ 2022–23 సీజన్ ముగిసేసరికి 47 గోల్స్ చేశాడు. ఇప్పుడు ఎవరు మునిగినట్టు?

నాలుగు రోజులకే ఓరైలీ అదే బఫెలోలో టొరంటో తరఫున హాట్రిక్ చేశాడు. మనవడు నాకు పది మెసేజీలు పెట్టాడు. మార్చి మొదట్లో ఓరైలీ వేలు విరిగింది, మెసేజీలు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో టాంపా మీద మూడో ఆటలో, సరిగ్గా ఒక నిమిషం మిగిలుండగా స్కోరు సమం చేసింది ఓరైలీనే. అదనపు సమయంలో మనవాళ్ళు గెలిచారు. ఏప్రిల్ 29న ఆరో ఆట అదనపు సమయంలో తవారెస్ గోల్ చేశాడు. 2004లో ఒటావా మీద గెలిచిన తర్వాత టొరంటో గెలిచిన మొదటి రౌండ్ అది. మా మనవడు పుట్టింది 2004 జూలైలో. వాడి జీవితంలో ఈ జట్టు ఒక్క రౌండ్ గెలవడం అప్పటిదాకా చూడలేదు. ఫోన్ చేశాడు గానీ ఇద్దరం మాట్లాడలేకపోయాం. అటు హాస్టల్లో అరుపులు, ఇటు వీధిలో కార్ల హారన్లు.

తర్వాతి రౌండ్‌లో ఫ్లోరిడా ఐదు ఆటల్లో ముగించేసింది. జూలై 1, కెనడా డే. అందరం మా పెరట్లో ఉన్నాం. మొక్కజొన్న పొత్తులు కాలుస్తూ వాడు ఫోన్ చూసి మొహం వేలాడేశాడు. ఓరైలీ నాష్‌విల్ జట్టుతో నాలుగేళ్ళకు సంతకం పెట్టాడు.

"ఇచ్చినవన్నీ పోయాయి, ఓరైలీ కూడా పోయాడు తాతయ్యా. ఏం రాయను?"

"ఏప్రిల్ 29 రాత్రి నువ్వేం చేశావురా?"

"రూమ్మేట్‌ని పట్టుకుని ఏడ్చాను."

"అది ఏ గడిలో రాశావు?"

వాడు ఫోన్‌లో పట్టిక తెరిచి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పొత్తులు మాడుతున్న వాసన వచ్చాక లేచి, వాటిని తిప్పడానికి వెళ్ళాడు.